చుక్క చుక్కగా కారిపోయిన త్రిశూలం

ఈ కథ ఎక్కడికి చేరుతుందో దాచిపెట్టడం అనవసరం. 1991 తర్వాత అమెరికాలో ఇటలీ కారు మసెరాటిని కొత్తగా అమ్మేవాళ్ళు ఉండరు. మళ్ళీ ఆ పేరు అక్కడ వినబడేసరికి 2002 వస్తుంది. మిలాన్‌లోని లాంబ్రాతే కర్మాగారం 1993లో మూతపడుతుంది. అదే ఏడాది జనవరిలో సంస్థ అధినేతకు పక్షవాతం వస్తుంది. మే నెలకల్లా సంస్థ పూర్తిగా ఫియట్ పరమవుతుంది. 2007లో టైమ్ పత్రిక లోకంలోకెల్లా చెత్త కార్లంటూ 50 పేర్లు వేస్తే, అందులో 1984 నాటి మసెరాటి బిటుర్బో కూడా ఉంటుంది.

ఇంత తెలిసి కూడా తొలినాళ్ళ ఆ కారు బొమ్మ ముందు కూర్చుంటే మనసు ఊరుకోదు. పోయినవాళ్ళ పెళ్ళి ఫొటో చూస్తున్నప్పుడు కమ్ముకునే దిగులే ఇది. పొందికైన చిన్న కారు. పదునైన అంచులు, ముక్కు మీద త్రిశూలం, వెలుగు పడి మెరుస్తున్న బానెట్. ఆ బానెట్ కింద ఏ ప్యాకింగ్ గట్టిపడబోతోందో, ఏ పైపు పూడుకుపోబోతోందో మనకు తెలుసు. దానికి తెలియదు.

ఆ త్రిశూలం చిన్నదేమీ కాదు. 1914లో బొలోన్యా ఊళ్ళో మసెరాటి అన్నదమ్ములు కొట్టు తెరిచారు. వాళ్ళలో మారియో ఒక్కడికే ఇంజిన్ల పిచ్చి లేదు, అతను చిత్రకారుడు. ఊరి నడిబొడ్డున ఫౌంటెన్ మీద నిలబడ్డ సముద్రదేవుడు నెప్ట్యూన్ చేతిలోని త్రిశూలాన్ని చూసి, దాన్నే అన్నదమ్ముల బళ్ళకు గుర్తుగా గీసిచ్చాడు. 1937లో సంస్థ ఓర్సీ కుటుంబం చేతికి వచ్చింది, తర్వాత మోడెనాకు తరలింది. 1939లోనూ 1940లోనూ ఇండియానాపొలిస్ 500 పందేన్ని విల్బర్ షా గెలిచింది ఈ త్రిశూలం బండి మీదే. 1957 ఆగస్టులో జర్మనీలో న్యూర్‌బర్గ్‌రింగ్ కొండదారుల్లో రేసర్ ఫాంజియో చేసిన స్వారీని ఇప్పటికీ పెద్దవాళ్ళు కథలుగా చెప్పుకుంటారు. పెట్రోలుకూ టైర్లకూ ఆగి వెనకబడినవాడు, ల్యాప్ వెంట ల్యాప్ తరుముకుంటూ వచ్చి, చివరి ముందు ల్యాప్‌లో ఇద్దరు ఫెరారీవాళ్ళనూ దాటేశాడు. అప్పటికి ఆయనకు 46 ఏళ్ళు. ఐదోసారి ప్రపంచ విజేత అయ్యాడు. ఆయన కింద ఉన్నది మసెరాటి 250ఎఫ్.

ఆ సంవత్సరం చివర్లోనే సంస్థ పందేల నుంచి తప్పుకుంది, డబ్బు లేక. 1968లో ఫ్రాన్స్ నుంచి సిత్రోయెన్ వచ్చి కొనుక్కుంది. 1973లో చమురు సంక్షోభం వచ్చింది. పెద్ద ఇంజిన్ల ఖరీదైన కార్లు కొనేవాళ్ళు కరువయ్యారు. 1975 మే 23న సిత్రోయెన్ ఒక ప్రకటన చేసింది: మసెరాటిని మూసేస్తున్నాం. మోడెనా కార్మికులూ ఊరూ గోల పెట్టాక ఇటలీ ప్రభుత్వం తరఫున జెపీ అనే సంస్థ అడ్డుపడింది. ఆ ఆగస్టులో అర్జెంటీనాలో పుట్టి మోడెనాలో స్థిరపడ్డ అలెహాంద్రో డి టొమాసో పగ్గాలు పట్టాడు. వచ్చీ రాగానే, 250ఎఫ్‌కు మెరుగులు దిద్దిన జూలియో అల్ఫియేరిని, ఇరవై ఏళ్ళకు పైగా ఆ గోడల మధ్యే బతికిన ఇంజినీరును, బయటికి పంపేశాడు.

ఇక్కడొకసారి ఆగాలనిపిస్తుంది నాకు. డి టొమాసోను దుర్మార్గుడిగా చూపించడం సులువే, న్యాయం మాత్రం కాదు. ఆయన రాకపోతే మసెరాటి 1975లోనే పోయేది. కానీ ఇంజిన్‌కు ఎక్కడ నొప్పి పుడుతుందో చెవితో విని చెప్పగల మనిషి ఆ రోజున గేటు దాటి వెళ్ళిపోయాడు. తర్వాత ఐదారేళ్ళకు ఒక కొత్త ఇంజిన్‌ను ఆత్రంగా లోకంలోకి వదలాల్సి వచ్చినప్పుడు, ఆగండి, ఇంకో వేసవి దీన్ని ఎండలో తిప్పి చూద్దాం అని గట్టిగా అనే గొంతు ఒకటి ఆ చావడిలో తక్కువైంది.

డి టొమాసో ఆలోచన మాత్రం అందమైనది. మసెరాటి అంటే కోటీశ్వరుల వస్తువు. దాన్ని డాక్టరుకూ లాయరుకూ అందేలా చేయాలి. ఏడాదికి వందల్లో కాకుండా వేలల్లో అమ్మాలి. ఇటలీలో అప్పట్లో రెండు లీటర్లు దాటిన ఇంజిన్ మీద విలువ ఆధారిత పన్ను 38 శాతం. రెండు లీటర్ల లోపైతే అందులో సుమారు సగం. అందుకే ఇంజిన్ 1,996 సీసీ దగ్గర ఆగింది. ఆరు సిలిండర్లు, వి ఆకారం, సిలిండరుకు మూడేసి వాల్వులు. చిన్న ఇంజిన్‌తో పెద్ద పరుగు కావాలంటే టర్బో ఉండాలి. పెద్ద టర్బో ఒకటి పెడితే అది ఊపందుకునేలోగా నడిపేవాడి ఓపిక అయిపోతుంది. చిన్నవి రెండు పెడితే, చెరో పక్కా ఒకటి, చప్పున లేస్తాయి. అమ్మకానికి తయారైన కార్లలో జంట టర్బోలు పెట్టిన మొట్టమొదటిది ఇదే. ఆ రెండు టర్బోల పేరే కారు పేరైంది.

1981 డిసెంబరులో దాన్ని లోకానికి చూపించారు. 180 హార్స్‌పవర్, గంటకు 215 కిలోమీటర్ల వేగం. ధర మాత్రం ఆ త్రిశూలానికి ఎన్నడూ లేనంత తక్కువ. లోపల మెత్తని సీట్లు, చెక్క నగిషీ. కొన్నాళ్ళకు డాష్‌బోర్డు నడిమధ్య బంగారు రంగు కోల గడియారం వచ్చి చేరింది. ఆ గడియారాన్ని దగ్గరగా చూసినవాళ్ళు మరిచిపోరు. అన్నీ అంకెల తెరలు మెరిసే కాలంలో, సన్నని ముళ్ళతో, ఇది తొందర తెలియని ఇంట్లోంచి వచ్చిందని చెప్పేది. ఆ మాట బానెట్‌కు ఇవతలి పక్కన నిజం, అవతలి పక్కన అబద్ధం.

జనం ఎగబడ్డారు. 1984లో 6 వేలకు పైగా బళ్ళు అమ్ముడయ్యాయి. చావు అంచు చూసి వచ్చిన సంస్థకు అది ఎంత పెద్ద అంకో ఊహించుకోవచ్చు. ఆ బళ్ళు తయారయ్యే లాంబ్రాతేలో చోటు చాలక, వేళ చాలక, పని మీద పని పడింది. రెండున్నర లీటర్ల ఇంజిన్‌తో బళ్ళు అమెరికాకు ఓడలెక్కాయి. పాతిక వేల డాలర్ల పైచిలుకుకే మసెరాటి అని విని, అంతకుముందు ఇటలీ కారు ముట్టుకోనివాళ్ళు కూడా చెక్కు రాశారు. నాకు వాళ్ళ మీద జాలి. వాళ్ళు మోసపోయారని కాదు. ప్రేమతో కొన్నారు. ఇంటి ముందు నిలబెట్టి పొరుగువాళ్ళను పిలిచారు. ఆ బండి తమ నుంచి ఏం కోరుతుందో వాళ్ళకు చెప్పినవాళ్ళు తక్కువ.

అది కోరింది నిజానికి ఎంత చిన్నదో తెలియాలంటే టర్బో లోపలికి వెళ్ళాలి.

ఇంజిన్ వదిలే పొగ ఓ చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం ఉన్న ఇరుసుకే అవతలి కొసన మరో చక్రం ఉండి గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపుతుంది. నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే ఆ ఇరుసు ఇనుము మీద ఆనదు. వెంట్రుక మందం కూడా లేని నూనె పొర మీద తేలుతుంది. ఒక పక్క 800, 900 డిగ్రీల పొగ. ఇంకో పక్క చల్లని గాలి. మధ్యలో ఆ నూనె పొర. అది ఉన్నంతసేపూ ఇరుసు అరగదు. వేడిని కూడా ఆ నూనే మోసుకుపోతుంది. పై నుంచి పంపు తోస్తుంటే వచ్చి, ఇరుసును తడిపి, నురగెత్తి, కింది పైపులోంచి తన బరువుకు తానే జారి ఇంజిన్ అడుగున ఉన్న సంపులో పడుతుంది.

ఇప్పుడు హైవే మీద గంటసేపు దూసుకొచ్చిన బండి ఇంటి ముందు ఆగిందనుకోండి. తాళం తిప్పగానే ఇంజిన్ ఆగుతుంది. నూనె పంపు కూడా ఆగుతుంది. చక్రం ఎర్రగా కాలుతూనే ఉంటుంది. కదలిక ఆగిన ఆ కొద్ది నూనె అక్కడే చిక్కుకుపోయి మాడుతుంది, నల్లటి పెచ్చుగా గట్టిపడుతుంది. ఒక్కసారికి ఏమీ కాదు. వారం వారం, నెల నెలా అదే జరిగితే దారులు ఇరుకవుతాయి. ఇరుసుకు అందాల్సిన నూనె అందదు. అది కొద్దిగా ఊగడం మొదలుపెడుతుంది. ఊగిన ఇరుసు సీళ్ళను తింటుంది. ఒక పొద్దున స్టార్ట్ చేయగానే వెనక సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తుంది.

దీనికి విరుగుడు ఒక్క నిమిషం. చివరి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడపడం, బండి ఆపాక ఇంజిన్‌ను ఒక నిమిషం ఊరికే తిరగనివ్వడం. మన హైవేల మీద టర్బో లారీ నడిపే అనుభవజ్ఞుడైన డ్రైవరును చూడండి: దాబా ముందు బండి నిలిపాక వెంటనే తాళం తిప్పడు. ఇంజిన్‌ను అలాగే వదిలి, సీట్లోనే కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకుంటాడు, ఆ తర్వాతే ఆపుతాడు. ఏ పుస్తకం చదివి నేర్చుకోలేదు, గురువు దగ్గర చూసి నేర్చుకున్నాడు. 1980ల మొదట్లో టర్బో కారు కొన్న డాక్టరుకు అలాంటి గురువు లేడు. ఇంటికొచ్చాడు, తాళం తిప్పాడు, లోపలికి వెళ్ళి భోజనానికి కూర్చున్నాడు. గరాజులో మాడుతున్న ఆ నాలుగు చుక్కల నూనె సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

తొలి బిటుర్బోల టర్బోలకు చల్లబరచడానికి నూనె తప్ప నీళ్ళ దారి లేదు. నీళ్ళు ఉండి ఉంటే ఇంజిన్ ఆగాక కూడా కొంత వేడిని అవి లాక్కుపోయేవి. తర్వాతి ఏళ్ళలో ఆ ఏర్పాటూ వచ్చింది. పెద్ద ఖర్చేమీ కాదది. ముందే వచ్చి ఉంటే ఎన్ని ఇరుసులు బతికేవో కదా అనిపిస్తుంది, ఎన్నిసార్లు తలుచుకున్నా.

టర్బో కన్నా ముందే, చాలా బళ్ళలో, ఇంజిన్ పైన మూతల్లా ఉండే క్యామ్ కవర్ల దగ్గర చెమ్మ మొదలయ్యేది. దాన్ని లీక్ అనడానికి కూడా మనసొప్పదు. కవర్ అంచు వెంబడి సన్నగా తేమ. దాని మీద దుమ్ము అతుక్కుని గోధుమ రంగు గీత. వేడికి ప్యాకింగ్ గట్టిపడి, రబ్బరు గుణం పోయి, పెళుసుబారడమే దానికి కారణం. వేలితో తాకితే నూనె అంటుతుంది, అంతే. ఏ మామూలు కారులోనైనా అది పక్కన పెట్టదగ్గ సంగతి. ఇక్కడ మాత్రం ఆ కవర్ల కిందే పొగ గొట్టాలూ టర్బోలూ ఎర్రగా కాగుతున్నాయి. కవర్ అంచున తయారైన చుక్క జారితే పడేది వాటి మీదే.

ముందు వాసన వస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఏసీ లోంచి మాడిన నూనె వాసన. తర్వాత బానెట్ అంచుల్లోంచి సన్నని తెల్లటి పొగ. యజమాని దిగి చూసేసరికి అది ఆరిపోతుంది. వర్క్‌షాప్‌కు తీసుకెళ్తాడు. మెకానిక్ పానా తీసి కవర్ బోల్టులన్నీ ఇంకో పావు చుట్టు బిగిస్తాడు. అప్పటికే గట్టిపడిన ప్యాకింగ్ ఆ ఒత్తిడికి పక్కకు పిండుకుపోతుంది, ఎక్కడో ఓ చోట చిట్లుతుంది. వారం తిరిగేసరికి చెమ్మ ధారవుతుంది. బిగించిన చేతికి దురుద్దేశం లేదు. కావలసింది బిగింపు కాదని, విప్పి, రెండు ముఖాలూ శుభ్రంగా గీకి, కొత్త ప్యాకింగ్ వేసి, లెక్క ప్రకారం సమంగా బిగించడమని ఆ చేతికి తెలియలేదు. లేదా తెలిసీ అంత వేళ లేదు.

నూనె మనిషిని ఎలా దారి తప్పిస్తుందో చెప్పకుండా ముందుకు పోలేను. అది పుట్టిన చోట కనబడదు. కిందికి జారుతుంది, కారు పరుగెడుతుంటే గాలికి వెనక్కి పాకుతుంది. మీరు పడుకుని కింది నుంచి చూస్తే తడి ఎక్కడో గేర్‌బాక్స్ దగ్గర కనిపిస్తుంది. మూలం మూడడుగులు ముందు, రెండడుగులు పైన ఉంటుంది. అందుకే తెలిసినవాళ్ళు ముందు ఇంజిన్‌ను కడుగుతారు. పొడిగా తుడిచి, కొన్ని కిలోమీటర్లు నడిపి, పై నుంచి కిందికి చూసుకుంటూ వస్తారు. మొదటి తడి ఎక్కడ కనిపిస్తే అదే మూలం. ఈ ఓపిక లేక ఎన్ని బళ్ళకు అవసరం లేని సీళ్ళు మార్చారో, అసలు కారే చోటు అలాగే వదిలేశారో.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది రిటర్న్ పైపు. టర్బోలోంచి నూనె తన బరువుకు తాను జారే పైపు. అది వంగినా, లోపల పెచ్చు కట్టినా, ఇంజిన్ ఊపిరి వదిలే బ్రీదర్ గొట్టం మూసుకుపోయి సంపులో ఒత్తిడి పెరిగినా, నూనెకు కిందికి పోయే దారి దొరకదు. టర్బోలో నిండిపోయి, సీళ్ళ పక్కనుంచి పొగ గొట్టంలోకి ఒలుకుతుంది. వెనక నీలం పొగ. చూసినవాళ్ళు వెంటనే తీర్పు చెప్పేస్తారు, టర్బో పోయిందని. బిల్లు చూసి యజమాని ముఖం తెల్లబోతుంది. టర్బో మారుస్తారు. పైపు మార్చరు. నెల తిరక్కుండా కొత్త టర్బో కూడా పొగ కక్కుతుంది. అప్పుడిక ఆ మనిషికి ఆ బండి మీద నమ్మకం చచ్చిపోతుంది. ఒక్క గొట్టాన్ని విప్పి, ఊది చూసి ఉంటే సరిపోయేది. టర్బో నూనె పైపులు విప్పిన ప్రతిసారీ, పైపును బిగించే బాంజో బోల్టు కింద పాత రాగి వాషర్ తీసేసి కొత్తది వేసి ఉంటే, ఆ కీలు దగ్గర చెమర్చడం కూడా ఉండేది కాదు. వాషర్ ఖరీదు ఓ కప్పు కాఫీ పాటి.

ఇంకో లీక్ ఉంది, కళ్ళకు కనబడనిది. ఇంజిన్ ముందు వైపు క్యామ్ ఇరుసు సీల్ అరిగితే, చెమ్మ ఆ ఇరుసును తిప్పే పళ్ళ బెల్ట్ మీద పడుతుంది. ఆ బెల్ట్ రబ్బరుది. నూనె తగిలితే ఉబ్బుతుంది, బలం పోతుంది. మూత కింద ఉంటుంది కాబట్టి ఎవరూ చూడరు. అది తెగిన రోజున వాల్వులూ పిస్టన్లూ ఒకదాన్నొకటి ఢీకొంటాయి. అప్పటిదాకా హాయిగా పాడుతున్న ఇంజిన్ ఒక్క క్షణంలో తుక్కవుతుంది.

ఇన్ని చెప్పాక కార్బురేటర్ సంగతి చెప్పకపోతే అన్యాయం. రెండు టర్బోలు ఒత్తిన గాలిని ఒక మూసిన పెట్టెలోకి పంపి, ఆ పెట్టెలో ఓ వెబర్ కార్బురేటర్‌ను కూర్చోబెట్టారు. చల్లని వాతావరణంలో అది బాగానే పనిచేసేది. వేడి మధ్యాహ్నం బండి ఆపి పది నిమిషాల తర్వాత మళ్ళీ తీద్దామంటే, లోపలి పెట్రోలు ఆవిరై, ఇంజిన్ దగ్గి దగ్గి ఆగిపోయేది. ఫ్యూయల్ ఇంజెక్షన్ అప్పటికే ఉన్న విద్య. పక్క దేశాల్లో పోటీ కార్లలో చాలావాటికి ఉంది. మసెరాటికి అది 1980ల రెండో సగంలో గాని రాలేదు. ఆలస్యమైన ఆ నాలుగైదేళ్ళే బిటుర్బోను ముంచాయని నా నమ్మకం. ఆ ఏళ్ళలో కొన్నవాళ్ళే అది ఎలాంటిదో లోకానికి చెప్పినవాళ్ళు.

అమెరికాలో ఇంకా ఘోరం జరిగింది. అక్కడి కాలుష్య నియమాల కోసం పెట్టిన క్యాటలిటిక్ కన్వర్టర్లు ఆ టర్బోల వేడికి మరింత వేడెక్కేవి. నూనె చెమర్చే ఇంజిన్, పెట్రోలు ఆవిరయ్యే కార్బురేటర్, ఎర్రగా కాలే పొగ దారి, మూడూ ఒకే బానెట్ కింద. కొన్ని బళ్ళు కాలిపోయాయి. ఎండలో రోడ్డు పక్కన మసెరాటి మండుతుంటే దూరంగా నిలబడి చూస్తున్న మనిషిని తలుచుకుంటాను. దాని తోలు సీట్ల వాసన ఇష్టమైన మనిషి. ఆయన ఆ సంగతి తన స్నేహితులకు చెప్పకుండా ఎలా ఉంటాడు? విన్నవాడు ఇంకొకడికి చెప్పకుండా ఎలా ఉంటాడు? ఫాంజియో పందెం గెలిచిన రోజున వెలిగిన పేరు, అలా నోటి నుంచి నోటికి తగ్గుతూ వచ్చింది.

మోడెనాలో ఊరుకున్నారని కాదు. ఏటేటా మెరుగులు దిద్దారు. ఇంజెక్షన్ పెట్టారు, టర్బోలకు నీళ్ళ దారి ఇచ్చారు, పదార్థాలు మార్చారు, 1980ల చివరికల్లా సిలిండరుకు నాలుగు వాల్వులు వచ్చాయి. ప్రతి మార్పూ మంచిదే, ప్రతి మార్పూ ఆలస్యంగా వచ్చిందే. 1990 నాటి బండి కొన్నవాడికి నిజంగా మంచి కారు దొరికేది. కానీ అప్పటికి షోరూంలోకి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. లోపల కారు బాగుపడుతున్న కొద్దీ బయట పేరు పాడవుతూ పోయింది. రెండు గీతలు ఎదురెదురుగా నడిచాయి, ఎక్కడా కలవలేదు.

1989 డిసెంబరులో ఫియట్ 49 శాతం కొనుక్కుంది. తర్వాతి రెండేళ్ళకే అమెరికా నుంచి ఇంటిముఖం పట్టారు. 1993 జనవరిలో డి టొమాసో మంచం పట్టాడు. మిగిలిన వాటా కూడా అమ్మేశాడు. ఆ తర్వాత పదేళ్ళు బతికి 2003 మేలో మోడెనాలోనే కన్నుమూశాడు. తాను బతికించిన సంస్థకు తానే పెట్టిన తొందరే గాయమైందని ఆయనకు తోచిందో లేదో. తోచకుండా ఉంటే బాగుండునని కోరుకుంటాను.

ఇందులో అన్నిటికన్నా గుండె పిండేది 1995. బిటుర్బో సంతానంలో చివరివాటిలో ఒకటైన గిబ్లీ కప్ వచ్చింది. అదే రెండు లీటర్లు, అదే జంట టర్బోల ఆలోచన, ఈసారి 330 హార్స్‌పవర్. లీటరుకు 165 చొప్పున. రోడ్డు మీద తిరిగే కార్లలో ఆనాడు అంతటి లెక్క చూపించగలిగినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అంటే 1981లో ఆ ఇంజిన్ చెప్పిన మాట నిజమే. దానిలో సత్తా ఉంది. తనలో ఉన్నదాన్ని బయటపెట్టడానికి దానికి కావలసింది ఇంకాస్త వ్యవధి, ఇంకాస్త మంచి ప్యాకింగ్, చల్లబడడానికి ఒక నిమిషం. అవి అందేసరికి దాన్ని నమ్మేవాళ్ళే మిగల్లేదు.

అప్పటికే తొలి బిటుర్బోలు మూడో చేతికీ నాలుగో చేతికీ మారాయి. కొన్నవాడు తక్కువ ధరకు త్రిశూలం దొరికిందని కొన్నాడు. నూనె ఎంతుందో డిప్‌స్టిక్ తీసి చూడలేదు. క్యామ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో అడగలేదు. మొదటి పొగ వచ్చినప్పుడు వర్క్‌షాప్‌వాళ్ళు చెప్పిన మొత్తం, అతను కారుకు ఇచ్చిన డబ్బు కన్నా ఎక్కువైంది. బండి షెడ్డులో చేరింది. షెడ్డులోంచి తుక్కు కొట్టుకు వెళ్ళింది. అక్కడ గడియారాన్ని ముందు పీకేవాళ్ళు, దానికి మాత్రం ఎప్పుడూ గిరాకీ ఉండేది. ఇంజిన్‌ను విప్పి చూసే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. పైపు మాత్రమే పూడుకున్న మంచి టర్బోలు కూడా పోయినవాటితో పాటే కరిగిపోయాయి.